అక్క మోసిన అడుగులు

మా అక్క గురించి చెప్పాలంటే ముందు ఆవిడ కాళ్ళ గురించి చెప్పాలి. సాయంత్రం ఇల్లు చేరి చెప్పులు విప్పితే, పట్టీల అచ్చులు పాదాల మీద గాడుల్లా పడి ఉంటాయి. వేలితో నొక్కితే గుంట పడుతుంది. అది పూడటానికి ఓ టీ తాగినంత సేపు పడుతుంది. "చూడవే, పిండి ముద్దలైపోయాయి" అని తనే నవ్వుతుంది. నాకు నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో చెబుతాను వినండి.

అక్కంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. ఆవిడ పెద్ద కోడలు, నేను చిన్న కోడల్ని. ఒకే ఇంట్లో ముందు గదులు వాళ్ళవి, వెనక గదులు మావి. మా వీధిని ఆనుకునే ఒక పొడవాటి గోడ, గోడ అవతల ఫ్లాట్లు. ఆ ఫ్లాట్లలో వెనక బ్లాకులో అక్క మూడిళ్ళకి వంట చేస్తుంది. ఆ బ్లాకు కిందే, కార్లు పెట్టే సెల్లారులో ఒక మూల నేను బల్ల వేసుకుని ఇస్త్రీ చేస్తాను. ఆవిడని అక్కడ అందరూ వంటక్క అంటారు. నన్ను ఉత్త "ఇస్త్రీ" అంటారు. ఇస్త్రీ వచ్చిందా, ఇస్త్రీ వెళ్ళిపోయిందా అని అడుగుతారు, నేనేదో కరెంటు వచ్చి పోయినట్టు.

ఆ గోడకి ఒక చిన్న ఇనప గేటు ఉండేది. పెద్ద సంచీ పట్టుకుంటే పక్కకి తిరిగి దూరాలి, అంత ఇరుకు. అయినా మాకది సింహద్వారం. మా గుమ్మంలోంచి బయల్దేరితే ఫ్లాట్ల మెట్లు ఎంత దూరమంటే, ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి వెళ్ళి, అక్కడ ఓ మాట చెప్పి, పొంగేలోగా తిరిగి రావచ్చు. అక్క నిజంగానే అలా వచ్చేది.

మా వీధి గొప్పదేం కాదు. కానీ ఆ వీధిలో ఏం కావాలన్నా రెండు కాళ్ళుంటే చాలు. పాల బూతు, మందుల షాపు, చెప్పులు కుట్టే అతను, బడి, బస్సెక్కే చోటు, అన్నీ ఇళ్ళ మధ్యనే. కారు దూరలేని సందు కాబట్టి మనిషి నిమ్మళంగా నడుస్తాడు. దారిలో ఎవరో ఒకరు పలకరిస్తారు, ఆ మాటల్లో నడిచిన సంగతే తెలీదు. ఫ్లాట్ల ముందు వైపు అలా కాదు. అది పెద్ద రోడ్డు. పేరుకి ఫుట్‌పాత్ ఉంది. ఒకచోట దాని మీదికి కార్లు ఎక్కించేశారు, ఒకచోట కరెంటు పెట్టె పాతారు, ఇంకోచోట మురుగు కాలవ మీద పలకలు విరిగి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అక్కడ నడవాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి. అందుకే ముందు గేటులోంచి బయటికొచ్చే వాళ్ళంతా చక్రాల మీదే వస్తారు. వెనక గేటులోంచి మా వీధికి వచ్చేవాళ్ళు మాత్రం నడిచే వచ్చేవాళ్ళు. పాల ప్యాకెట్ కోసం ఒకరు, చెప్పు తెగి ఒకరు, ఇంట్లో తోచక ఒకరు.

అక్క పెళ్ళై వచ్చేనాటికి మా బావగారు బస్సు డ్రైవరు. ఆయనకి నడకంటే మహా చిన్నచూపు. మందుల షాపు దాకా వెళ్ళాలన్నా ఎవరి బండి వెనకో ఎక్కేవారు. అలా ఏళ్ళ తరబడి సీటులో కూర్చున్న మనిషికి షుగర్ వచ్చింది. మొదట ఆయన దాన్ని పట్టించుకోలేదు, తర్వాత అది ఆయన్ని వదల్లేదు. చివరికి కళ్ళు తీసుకుంది. ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలీదు. "బండి కండిషన్‌లోనే ఉందమ్మాయ్, లైట్లే పోయాయి" అంటారు నాతో. ఆయన ఖాకీ చొక్కాలు పారెయ్యడం ఇష్టంలేక, వంటింట్లో నూనె చిందకుండా అక్క వాటినే పైన తొడుక్కుంటుంది. పొడుగు చేతులు, భుజాలు జారిపోతూ ఉంటాయి.

మధ్యాహ్నం భోజనానికి ముందు ఆయనకి ఇన్సులిన్ పడాలి. పడ్డాక ఆలస్యం లేకుండా తినాలి, లేకపోతే షుగర్ మరీ పడిపోతుంది. సూది వేసేదీ అక్కే, వడ్డించేదీ అక్కే. అందుకని ఆవిడ పనంతా ఆ గేటు చుట్టూ అల్లుకుంది. మొదటింట్లో ఉడకాల్సినవి పొయ్యి మీద పడేసి, రెండో ఇంట్లో తరగాల్సినవి తరిగి పెట్టి, అవి ఉడికేలోపల గేటు దాటి ఇంటికొచ్చేది. ఆయనకి సూది వేసి, కంచం చేతికిచ్చి, నీళ్ళు పక్కన పెట్టి మళ్ళీ వెళ్ళేసరికి సరిగ్గా కూర దింపే వేళ అయ్యేది. ఏ ఇంట్లోనూ ఏదీ మాడలేదు, ఏ రోజూ ఆయన ఆకలితో కూర్చోలేదు. గడియారం చూసుకుని చేసిన పని కాదది, కాళ్ళకి అలవాటైపోయింది.

కిందటేడు ఫ్లాట్ల సంఘం సెక్రటరీ గారికి నడక పిచ్చి పట్టింది. ఆయన ముందు బ్లాకులో ఉంటారు. చెడ్డవాడేం కాదు, పనిలేనివాడు. రిటైరయ్యాక ఫ్లాట్ల వాళ్ళందరి ఆరోగ్యాన్నీ తన నెత్తినేసుకున్నారు. ఇంటికొకటి చొప్పున చేతికి కట్టుకునే బ్యాండ్లు తెప్పించి పంచారు. ఎన్ని అడుగులు వేస్తే అన్నీ అందులో పడతాయి, ఫోన్‌లో కనిపిస్తాయి. బ్లాకుకీ బ్లాకుకీ మధ్య పోటీ. రోజుకి పదివేల అడుగులు దాటితే ఆ బ్యాండు చేతి మీద గుర్రుమని చప్పుడు చేసి శభాష్ అంటుంది.

మొదట్లో అందరూ బుద్ధిగానే నడిచారు. పదివేలు ఎవరికీ దాటలేదనుకోండి, కానీ కదిలారు. రెండో అంతస్తులో బ్యాంకు మేడమ్ ఉంటుంది, అక్క వంట చేసే మూడిళ్ళలో ఒకటి ఆవిడది. పాపం మోకాళ్ళ నొప్పులు. అయినా పొద్దున్నే మెల్లగా గేటు దాటి పాల బూతు దాకా వచ్చేది, మా గుమ్మం ముందు ఆగి బావగారిని పలకరించేది. మూడో అంతస్తు ప్రొఫెసరు గారైతే మా వీధంతా రెండు చుట్లు తిరిగి, చెప్పులు కుట్టే అతని దగ్గర కూర్చుని లోకం సంగతులన్నీ మాట్లాడి వెళ్ళేవారు.

ఇంతలో సెల్లారులో పెట్టిన సైకిలొకటి పోయింది. ఎవరు తీశారో, ఎటు తీసుకెళ్ళారో చూసిన నాథుడు లేడు. కానీ నేరం మా గేటు మీద పడింది. పేదవాడి కోపం పెదవికి చేటంటారు గానీ, గొప్పవాడి అనుమానం పేదవాడి దారికి చేటు. గేటుకి తాళం వేసి సెక్రటరీ గారు చెప్పారు: "మూడు నెలలు మూసి చూద్దాం. తర్వాత మీటింగు పెట్టి చేతులెత్తించి తేల్చేద్దాం. ఉంచాలంటే ఉంచుదాం, వద్దంటే గోడ కట్టేద్దాం."

ఫ్లాట్ల మెట్ల మీద నిలబడి చూస్తే గోడ మీదుగా మా ఇంటి డాబా కనిపిస్తుంది. ఆ ఇంటికి చేరాలంటే ఇప్పుడు ముందు గేటులోంచి పెద్ద రోడ్డెక్కి, పెట్రోలు బంకు దాటి, ఫ్లైఓవరు కిందనుంచి తిరిగి, బస్సుల మధ్యనుంచి అడ్డంపడి, మా వీధి ఆ చివర్లో దూరి నడుచుకుంటూ రావాలి. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు. అక్క రోజుకి నాలుగుసార్లు ఆ దారి పట్టేది, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం పోనూ రానూ, సాయంత్రం ఒకసారి. కాలికి బలపం కట్టుకున్నట్టే. ఉడికేలోపల వెళ్ళొచ్చే ఆటలిక సాగవు. ఒకింట్లో సగం వంట ఆపి పరుగెత్తేది, రెండో ఇంట్లో ఆలస్యానికి మాట పడేది. బావగారి సూది వేళ రోజూ కాస్త కాస్త వెనక్కి జరిగింది.

అక్కడ ఫ్లాట్లలో ఏం జరిగిందంటే, జనం నడవడం మానేశారు. పెద్ద రోడ్డు మీద నడవడానికి వాళ్ళకేం ఖర్మ? కొన్నాళ్ళు కార్ల మధ్య సెల్లారులోనే గానుగెద్దుల్లా తిరిగారు. అదీ విసుగొచ్చింది. పాల ప్యాకెట్‌కి కూడా కారు తీశారు. అడుగులు పడిపోయాయి. సెక్రటరీ గారు ఊరుకుంటారా? రోజూ సాయంత్రం ఎవరెవరు అట్టడుగున ఉన్నారో అందరి ఫోన్లకీ పంపడం మొదలుపెట్టారు. చదువుకున్న వాళ్ళకి అట్టడుగున ఉండటం అలవాటు లేదు కదా.

ఒకరోజు బ్యాంకు మేడమ్ తన బ్యాండు విప్పి అక్క చేతిలో పెట్టింది. "వంటక్కా, నువ్వెలాగూ చుట్టూ తిరిగి వెళ్తావుగా. దీన్ని కూడా తీసుకెళ్ళు. నా వల్ల బ్లాకు పరువు పోతోందట."

అక్క కట్టుకుంది. మర్నాడు రెండో ఇల్లు, ఆ తర్వాత మూడో ఇల్లు. ఆ తర్వాత ఆవిడ వంట చెయ్యని ఇళ్ళ వాళ్ళూ మెట్ల దగ్గర ఆపి, ఇటూ అటూ చూసి, "వంటక్కా, ఒక్క మాట" అనడం మొదలెట్టారు. ప్రొఫెసరు గారైతే తనకి జలుబని చెప్పి ఇచ్చారు. జలుబుకీ అడుగులకీ సంబంధమేమిటో ఆయన చదివిన చదువులో ఉందేమో! పన్నెండు ఫ్లాట్ల బ్లాకులో తొమ్మిది బ్యాండ్లు మా అక్క చేతుల మీదికి చేరాయి. ఖాకీ చొక్కా చేతుల కింద మణికట్టు నుంచి మోచేతి దాకా, గాజుల దుకాణంలా. రాత్రి కూడా ఆవిడ దగ్గరే. పొద్దున వెళ్ళి ఎవరిది వాళ్ళ ఫోన్ దగ్గర ఓ నిమిషం పెడితే అంకెలు ఎక్కేవి, మళ్ళీ కట్టుకునేది.

"నీకేమైనా పిచ్చా అక్కా?" అన్నాను ఒక సాయంత్రం. కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. "కాళ్ళు నీవి, పేరు వాళ్ళది. ఎందుకొచ్చిన గొడవ?"

"అవేం బరువా ఏంటే?"

"బరువు కాదు, మంట. గేటు మూసేటప్పుడు ఒక్కరైనా నోరు విప్పారా? అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఇప్పుడు నీ కాళ్ళు కావాల్సొచ్చాయి."

అక్క ఖాకీ చొక్కా చేతులు కిందికి లాక్కుంది. "నీ నోటికి తాళం వెయ్యాలే ముందు. మీటింగులో చేతులెత్తేది ఎవరు? నువ్వా నేనా? వాళ్ళే కదా. మేడమ్ నాకు మాటిచ్చింది, గేటు ఉండాలని గట్టిగా చెబుతానని. ప్రొఫెసరు గారూ అన్నారు. ఇంత చేస్తే ఆ మాత్రం చెయ్యరా? మూడు నెలలు ఓపిక పట్టావంటే గేటు తెరుచుకుంటుంది."

ఆవిడ ఆశ అది. ఆ గేటు తెరుచుకుంటే బావగారి సూది వేళకి పడుతుంది, మూడిళ్ళూ నిలుస్తాయి. తెరుచుకోకపోతే రెంటిలో ఒకటి పోతుంది. అందుకోసం తొమ్మిదిమంది అడుగులు కూడా నెత్తినేసుకుంది. నేను తువ్వాలు తెచ్చి కాళ్ళు తుడిచాను.

మూడో నెలలో ఒక రోజు వాన పట్టుకుంది. సెల్లారులో కరెంటు పోతే ఇస్త్రీ ఆగిపోయి, ఫ్లైఓవరు కింద నీళ్ళు చేరకముందే, తడుస్తూనే నేను ఇంటికొచ్చాను. తలుపు తీసేసరికి బావగారు కుర్చీలో ఒరిగిపోయి ఉన్నారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, చెమట. "ముందుకి జరగాలి... డోర్ దగ్గర నిలబడొద్దు..." అంటున్నారు. బస్సులో ఉన్నాననుకుంటున్నారు మహానుభావుడు.

చక్కెర డబ్బా తెచ్చి నాలిక మీద పోశాను, ఇంకాస్త నీళ్ళల్లో కలిపి తాగించాను. చాలాసేపటికి నా చెయ్యి తడిమి, "ఎవరూ? అమ్మాయా?" అన్నారు.

"నేనే బావగారూ. ఏం చేశారు మీరు?"

"మీ అక్కకి పని తగ్గుతుందని నేనే సూది వేసుకున్నానమ్మా. ఇన్సులిన్ పెన్ను టిక్కు టిక్కుమని తిప్పుతుంటే లెక్క తెలుస్తుందిగా, సరిగ్గానే వేసుకున్నా. గుమ్మం ముందు అడుగుల చప్పుడు వినపడ్డాకే వేసుకున్నా. మీ అక్కే వచ్చేసిందనుకున్నా. వచ్చి అన్నం పెడుతుందనుకున్నా." తల గుమ్మం వైపు తిప్పారు. "ఆ అడుగులు ఎవరివో ముందుకెళ్ళిపోయాయి."

అక్క ఫ్లైఓవరు కింద నడుంలోతు నీళ్ళలో ఇరుక్కుని, అవి తగ్గాక వచ్చింది. గుమ్మంలో నా మొహం చూడగానే అర్థమైపోయింది. చెప్పుల్తోనే లోపలికొచ్చి నేలమీద కూలబడి ఆయన తల ఒళ్ళోకి తీసుకుంది. "నేను రానా? ఎప్పుడైనా రాకుండా ఉన్నానా? అంత తొందరేమిటండీ మీకు?" అని తిట్టింది, ఏడ్చింది, తడిచేత్తో ఆయన మొహం తుడిచింది. అలా తుడుస్తుండగా ఖాకీ చొక్కా చేతిలో ఒక బ్యాండు గుర్రుమంది. దాని వెనక ఇంకొకటి. వరసగా తొమ్మిదీ గుర్రుమన్నాయి. అందరికీ పదివేలు దాటాయన్నమాట.

"అదేం చప్పుడే?" అన్నారు బావగారు.

"ఏం లేదండీ, మిమ్మల్ని మెచ్చుకుంటున్నారు" అంది అక్క. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కడే ఉంటే ఆ తొమ్మిదీ పీకి కాలవలో పారేసేదాన్ని.

మీటింగు ఆదివారం సాయంత్రం, మా సెల్లారులోనే. కార్లు బయట పెట్టించి కుర్చీలు వేశారు, గోడకి తెల్లగుడ్డ కట్టి దాని మీద బొమ్మలు పడేలా చేశారు. అక్కా నేనూ వెనక నా బల్ల పక్కన నిలబడ్డాం. అక్క పొద్దున తల దువ్వుకుని, ఉన్నవాటిలో శుభ్రమైన ఖాకీ చొక్కా నాచేత ఇస్త్రీ చేయించుకుని మరీ వేసుకుంది. "మేడమ్ మాట్లాడుతుంది చూడు" అని రెండుసార్లు అంది. బ్యాంకు మేడమ్ ముందు వరసలో కూర్చుంది. ఒకసారి వెనక్కి తిరిగి అక్కని చూసి తల కూడా ఊపింది.

మొదట ప్రొఫెసరు గారు లేచారు. మాటంటే మాటే, ఆయన లేచారు. "సెక్రటరీ గారూ, గేటు మూసినప్పటినుంచి పాల ప్యాకెట్‌కి కూడా కారు తియ్యాల్సొస్తోందండీ. ఇదేం బాగాలేదు. మనిషికి నడిచే దారి ఉండాలి."

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సెక్రటరీ గారు నవ్వారు. "నేనూ అలాగే అనుకున్నానండీ. మనవాళ్ళు నడవడం మానేస్తారేమోనని భయపడ్డాను. కానీ లెక్క చూడండి." తెల్లగుడ్డ మీద ఒక గీత కనిపించింది. మొదట నేల మీద పాకుతున్నట్టు ఉంది, తర్వాత ఇంకా కుంగింది, ఆ తర్వాత ఒక్కసారిగా మేడ మెట్లెక్కినట్టు పైకి లేచింది. "గేటు ఉన్నప్పుడు వెనక బ్లాకు వాళ్ళు నడిచింది ఇదీ. గేటు మూశాక, కొంచెం అలవాటు పడ్డాక, ఇదీ! దగ్గర దారి ఉంటే మనిషి బద్ధకిస్తాడు. దూరమైతే నడుస్తాడు. ప్రొఫెసరు గారూ, మీరు మొదటి నెలలో ఎక్కడున్నారు, ఇప్పుడెక్కడున్నారు! వానలో కూడా పదివేలు దాటారండీ మీరు! ఈ వయసులో! చప్పట్లు కొట్టండి అందరూ."

అందరూ చప్పట్లు కొట్టారు. ప్రొఫెసరు గారు తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయారు. నిజం చెప్పాలంటే వానలో ఎవరు నడిచారో చెప్పాలి. ఆయన ఒక్కడే కాదు, ముందు రెండు వరసలూ కుక్కిన పేనుల్లా ఉన్నాయి. మేడమ్ తన మోకాలు రాసుకుంటూ కింద నేల చూస్తోంది.

"ఈ లెక్క పక్కనే భద్రత కూడా పెట్టి చూడండి" అన్నారు సెక్రటరీ గారు. "గేటు తీసేసి గోడ కట్టేద్దామన్నవాళ్ళు చేతులెత్తండి."

ముందు బ్లాకు వాళ్ళు వెంటనే ఎత్తారు, వాళ్ళకేం పోయింది? వెనక బ్లాకు వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఎత్తకపోతే ఎందుకని అడుగుతారు. ప్రొఫెసరు గారి చెయ్యి లేచింది. ఆయన వెనకాల ఇంకొకటి, ఇంకొకటి. చివరికి మేడమ్ చెయ్యి మెల్లగా, మోకాళ్ళ నొప్పి చేతికి పాకినట్టు, పైకి లేచింది. నేను వెనకనుంచి చూస్తున్నాను. మా బ్లాకులో ఎత్తిన ఆ తొమ్మిది చేతుల్లో ఒక్క మణికట్టుకీ బ్యాండు లేదు. అన్నీ నా పక్కన నిలబడ్డ మనిషి చొక్కా చేతుల కింద ఉన్నాయి.

నేను నోరు తెరిచాను. అరుద్దామనే తెరిచాను. అక్క నా మోచెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా నొక్కిందంటే తర్వాత కమిలిపోయింది. "వద్దే" అంది నా చెవిలో. "నువ్వు నోరు తెరిస్తే రేపు మూడిళ్ళ పొయ్యిలూ ఆరిపోతాయి. గేటు రాదు, పనీ ఉండదు."

"నువ్వు మోసిన అడుగులే అక్కా ఆ గీతంతా!"

"తెలుసు" అంది. "నేనే కట్టాను ఆ గోడ." చొక్కా చేతులు వేళ్ళ దాకా లాక్కుని, చేతులు వెనక్కి కట్టుకుని, మీటింగు అయ్యేదాకా అలాగే నిలబడింది.

పోటీలో మా బ్లాకే గెలిచింది. అందరికంటే ఎక్కువ నడిచిందని బ్యాంకు మేడమ్‌కి నడిచేవాళ్ళు వేసుకునే బూట్ల జత బహుమతి ఇచ్చారు. మర్నాడు పొద్దున అక్క వంటింట్లోకి వెళ్తే ఆ బూట్ల పెట్టె పొయ్యి గట్టు పక్కన పెట్టి ఉంది. ఆ రోజు అక్కడ జరిగింది అక్కే నాకు చెప్పింది.

"ఇవి నీవే వంటక్కా, తీసుకో" అందట మేడమ్, తలుపు దగ్గరే నిలబడి.

అక్క బ్యాండ్లన్నీ విప్పి ఆ పెట్టె మీద పెట్టింది. "బూట్లు నాకొద్దమ్మా. నిన్న చెయ్యెత్తే ముందు ఒక్కసారి వెనక్కి చూసుంటే సరిపోయేది" అని ఉల్లిపాయలు తీసుకుని తరగడానికి కూర్చుందట. మేడమ్ అక్కడే నిలబడి ఏడ్చిందట. ఏడిస్తే ఏడ్చింది, గోడ కట్టే మేస్త్రీ అప్పటికే ఇటుకలు దించేశాడు.

బ్యాండ్లు ఎవరివి వాళ్ళకి చేరాక మా బ్లాకు గీత మళ్ళీ పడిపోయింది. ఎందుకు పడిందో తెలీక సెక్రటరీ గారు పెద్ద డాక్టర్ని పిలిపించి ఉపన్యాసం ఇప్పించారు. సెల్లారులో కూర్చుని అందరూ విన్నారు. గోడకి సిమెంటు ఆరిపోయింది, సున్నం కూడా కొట్టేశారు. గేటు ఎక్కడుండేదో కొత్తవాళ్ళకి చెప్పినా తెలీదు.

అక్క మూడిళ్ళూ వదల్లేదు, వదిలితే గడవదు. బావగారిని ఇంట్లో ఒక్కళ్ళనే వదలడం ఇక ఆవిడ వల్ల కాలేదు. అందుకని ఇప్పుడు పొద్దున్నే ఆయన్ని వెంటబెట్టుకొస్తుంది. ఆయన చెయ్యి అక్క భుజం మీద, అక్క చేతిలో మందుల సంచీ. పెట్రోలు బంకు దాటి, ఫ్లైఓవరు కిందనుంచి, విరిగిన పలకలు తప్పుకుంటూ. పక్క సందుకి కూడా నడవని మనిషి. మొదటి రోజు వెనకనుంచి ఒక బస్సు హారన్ కొడితే ఆయన రోడ్డు మధ్యలో నిలబడిపోయారు. "ఇన్నేళ్ళూ నేనూ ఇలాగే కొట్టానే" అన్నారట అక్కతో. "వీళ్ళకి ఫుట్‌పాత్ మీద నడవడానికేం రోగమని తిట్టుకునేవాణ్ణి. ఇక్కడ ఫుట్‌పాతేదే?"

సెల్లారులో బయటి మనిషి కూర్చోవడమేమిటని సెక్రటరీ గారు ఒకసారి అడిగారు. బ్యాంకు మేడమ్ లిఫ్టు దగ్గరనుంచి, "ఉండనివ్వండి, నేను చెప్పాను" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ ఒక్క మాటా మీటింగు రోజు అనుంటే ఎంత బాగుండేదో అని నేను మూతి తిప్పుకున్నాను, కానీ కుర్చీ మాత్రం తెచ్చి వేశాను.

బావగారు రోజంతా నా బల్ల పక్కన ఆ కుర్చీలో కూర్చుంటారు. వీపు గోడకి ఆనిస్తారు. గేటు ఉన్నచోటే అది. గోడ అవతలి చప్పుళ్ళన్నీ ఆయనకి వినపడతాయి. "మందుల షాపు షట్టరు తీశారమ్మాయ్" అంటారు. "బడి వదిలారు." "మన గుమ్మం ముందు ఎవరో ఆగారు, తాళం చూసి వెళ్ళిపోతున్నారు." నేను ఇస్త్రీ చేస్తూ ఊఁ కొడతాను. మధ్యాహ్నం అక్క మెట్లు దిగి వస్తుంది, సూది వేస్తుంది, కంచం చేతికిస్తుంది. ఆయన తింటున్నంతసేపూ చెప్పులు విప్పి, కాళ్ళు చాపుకుని, ఆ గోడకే ఆనుకుని కూర్చుంటుంది. ఇంటికి వెళ్ళడానికి ఇంకా చాలా దూరం ఉంటుంది.